పెరటి కోడి, కూరగాయల మడి

తెలుగు పల్లెల్లో పెరడున్న ఇంట కోళ్లు ఉండడం, కోళ్లున్న ఇంట కూరగాయల మళ్ల చుట్టూ దడి ఉండడం ఎంతో కాలంగా కనిపించే ఏర్పాటు. దడిని కోడి చేసే నష్టానికి గుర్తుగానే చాలామంది చూస్తారు గాని, ఆ నష్టానికి మూలమైన గుణమే, అంటే నేలను కాళ్లతో కెలికి గింజను, పురుగును, లేత మొలకను ఏరుకు తినే అలవాటే, కాలమూ చోటూ చూసి వాడుకుంటే మడి తయారీలో మనిషి శ్రమను ఎంతో తగ్గిస్తుంది. పంట ఉన్నప్పుడు కోడి దడికి వెలుపల, పంట లేనప్పుడు దడికి లోపల ఉండాలన్న ఒక్క నియమం మీదనే ఈ పద్ధతి అంతా నిలిచి ఉన్నది.

పెంపుడు కోడికి మూలమైన ఎర్ర అడవికోడి దక్షిణ, ఆగ్నేయాసియా అడవుల పక్షి. రాలిన ఆకుల కింద చెదలు, పురుగులు, గింజలు వెతుక్కుని బతికే ఈ జాతికి కెలకడమే జీవనాధారం కాబట్టి, గూట్లో తవుడూ నూకలూ సమృద్ధిగా పెట్టినా పెంపుడు కోడి ఆ పని మానదు. అయితే దాని గోళ్లు రెండు మూడు అంగుళాల లోతుకు మించి దిగవు. గట్టిపడిన బీడును కోళ్లు గుల్ల చేస్తాయని ఆశించడం తప్పు; ఒకసారి పార తిరిగిన నేలలోనో, ఆకుచెత్త కప్పిన నేలలోనో మాత్రమే వాటి శ్రమకు ఫలితం కనిపిస్తుంది.

మడి సిద్ధం చేయడానికి కావలసిన ముఖ్య సాధనం కదిలే గూడు, అంటే వెదురు బద్దలతోనో తేలిక చెక్కతోనో అడుగు లేని చట్రం కట్టి, పక్కలకు ఇనుప వల బిగించి, పైన కొంత భాగాన్ని నీడకోసం కప్పి, ఇద్దరు మనుషులు ఎత్తి పక్కకు జరపగలిగేలా చేసుకునే గూడు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉంటే నాలుగు పెట్టలకు పగటిపూట సరిపోతుంది. రాత్రికి మాత్రం వాటిని గట్టి గూటికి చేర్చాలి, ఎందుకంటే అడుగు లేని చట్రం కిందినుంచి ముంగిస, పందికొక్కు దూరగలవు. పంట తీసిన మడిని ఒకసారి తడిపి వారం పది రోజులు వదిలితే పైపొరలో దాగిన కలుపు గింజలు మొలకెత్తుతాయి, ఆ మొలకలు ఇంకా లేతగా ఉండగానే గూడును మడిమీద పెడితే కోళ్లు వాటిని పీకి తిని, మిగిలిన పంట మోళ్లను, ఆకును మట్టిలో కలిపి, తమ రెట్టను కూడా అందులోనే వదులుతాయి. గుప్పెడు సజ్జలో జొన్నలో చల్లితే మడి మూలలు కూడా కెలకబడతాయి. పచ్చదనం పోయి మట్టి తేలగానే గూడును పక్క మడికి జరపాలి, ఆలస్యమైతే రెట్ట పేరుకుని, తొక్కుడుకు నేల గట్టిపడి చేసిన మేలు చెడిపోతుంది. తడిగా ఉన్న నల్లరేగడిలో కోళ్లను దించనే కూడదు. తుంగగడ్డలు కోడి గోళ్లకు అందవు కాబట్టి ఆ కలుపును మనిషే తవ్వి తీయాలి.

ఈ కదిలే గూటికి నేడు ప్రపంచంలో ఉన్న పేరుకు ఒక ముఖ్య కారణం, 1970లలో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ రూపొందించిన పర్మాకల్చర్, అంటే చెట్టు, పంట, జంతువు, ఇల్లు ఒకదాని అవసరాన్ని మరొకటి తీర్చేలా అమర్చే సేద్య విధానం. దీని అంతర్జాతీయ సదస్సు 2017లో హైదరాబాదులో జరిగింది. అయినా ఇందులోని సూత్రం తెలుగు రైతుకు కొత్తది కాదు. వేసవిలో ఖాళీ పొలాల్లో రాత్రిళ్లు గొర్రెల మందను పెట్టించి, కాపరులకు గింజలో డబ్బో ముట్టజెప్పి, మందను చోటు మారుస్తూ పొలమంతటికీ ఎరువు పట్టించే ఆచారం ఇక్కడ ఎన్నాళ్లనుంచో ఉన్నది, పెరట్లో ఆ పనిని కోడి చేస్తుంది.

తోట సంరక్షణలో కోడి చేసే గొప్ప ఉపకారం కలుపు తీయడం కంటే పురుగును ఏరడమే. కాకర, బీర, పొట్ల కాయలను పాడుచేసే పండు ఈగ పిల్లపురుగులు కాయనుంచి నేలకు దిగి, మట్టి పైపొరలోనే కోశస్థ దశకు, అంటే రెక్కల పురుగుగా మారేముందు కదలక మెదలక ఉండే దశకు చేరుకుంటాయి. పొగాకు లద్దెపురుగు కూడా మట్టిలోనే ఈ దశ గడుపుతుంది. కాయలు పైన వేలాడే పందిరి కింద పాదుల మొదళ్లకు రాళ్లు పేర్చి కోళ్లను వదిలితే, అవి ఈ కోశాలను, రాలిన పుచ్చు కాయల్లోని పురుగులను ఏరి తింటాయి. అరటి, మునగ, కరివేపాకు చెట్ల కింద కూడా ఇలా వదలవచ్చు. తోటకూర, పాలకూర, టమాటా మళ్ల దగ్గర మాత్రం దడి తప్పదు. చీకటి పడేముందు ఒక గంట వదలడం అన్నింటికంటే క్షేమం. పొద్దు వాలగానే కోళ్లు తమంతట తామే గూటికి చేరతాయి కాబట్టి నష్టం చేసే వ్యవధి వాటికి తక్కువ. కోడికి శత్రుపురుగు, మిత్రపురుగు అన్న తేడా లేదు. వానపామును కూడా అంతే ఇష్టంగా తింటుంది, కాబట్టి తోటలో కోళ్లను రోజంతా ఉంచడం నేలకే నష్టం.

ఎరువు విషయం మరింత జాగ్రత్తగా చూడవలసినది. కోళ్ల ఎరువులో నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం 2.6 శాతం, పొటాష్ 1.4 శాతం ఉంటుంది, పశువుల ఎరువులో నత్రజని అర శాతం మాత్రమే. పక్షులకు మూత్రం వేరుగా రాదు. అందులోని నత్రజని యూరిక్ ఆమ్లంగా, రెట్టమీద కనిపించే తెల్లని ముద్దగా బయటికి వస్తుంది. సూక్ష్మజీవులు దీన్ని త్వరగా అమ్మోనియాగా మారుస్తాయి కాబట్టి పచ్చి రెట్ట మొక్క మొదట్లో పడితే వేళ్లు మాడిపోతాయి. గూట్లో వరిఊకను నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన పరిచి, తడి చేరకుండా చూస్తూ, అప్పుడప్పుడు తిరగేస్తే రెట్ట అందులో కలిసిపోతుంది. ఆ ఊకను ఎండుటాకులతో కలిపి కుప్పవేసి, బాగా మాగి, వేడి తగ్గి, మట్టి వాసన వచ్చిన తరువాతే మళ్లకు వేయాలి. వాసన పోవాలని సున్నం చల్లితే అమ్మోనియా మరింతగా గాలిలో కలిసి ఎరువు బలం తగ్గుతుంది. పచ్చి రెట్టలో సాల్మొనెల్లా వంటి రోగకారక బ్యాక్టీరియా ఉండవచ్చు కాబట్టి, పచ్చి ఎరువు పడిన నేలనుంచి మట్టి తగిలే కూరలను 120 రోజుల వరకు కోయరాదని అమెరికా సేంద్రియ సేద్య నిబంధనలు చెబుతున్నాయి. గూడు పెట్టిన మడిలో వెంటనే పాలకూర చల్లడం కంటే పందిరి కూరలు వేయడం మేలనడానికి కారణం ఇదే.

ఈ పనికి నాటుకోళ్లు చాలా అనువైనవి, ఎందుకంటే అవి చురుగ్గా తిరిగి మేత వెతుక్కుంటాయి, పొదిగి పిల్లల్ని సాకుతాయి. గుడ్లు ఎక్కువ కావాలనుకునేవారికి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ ఉన్నది. ఏ జాతినైనా రాణిఖేత్ అని కూడా పిలిచే కొక్కెర తెగులు ఒక్కసారిగా తుడిచిపెట్టగలదు గనుక, పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారం ప్రాంతంలో ఆర్ టు బి టీకా పశువైద్యుని సలహాతో తప్పక వేయించాలి. టీకాలు వేయించే శ్రద్ధ, సాయంత్రం గూటి తలుపు వేసే మనిషి లేని ఇంట కోళ్లు లేకపోవడమే మంచిది. ఆ రెండూ ఉన్నవారు నాలుగు పెట్టలతో మొదలుపెట్టి, ఒక పంటకాలం గడిచి మళ్ల తీరు చూసుకున్న తరువాతే సంఖ్య పెంచుకోవాలి.