తాండూరు పంతుళ్లు
తాండూరు నాపరాతి గనిలో బండను పొరవెంబడి విడదీయువానికి సుత్తిదెబ్బకంటె ముందు పొరజాడ నెఱుఁగు చూపు కావలయును. ఆ సీమ బడిపంతులునకును అట్టి చూపే ప్రధానము. ఇంట కన్నడమో ఉర్దువో లంబాడీయో పలుకుచు బడిలో తెలుఁగు వ్రాయవలసిన బాలుని మౌనమును మందబుద్ధిగా నెంచక, అది ఒక భాషనుండి వేఱొక భాషకు దాటుచున్న ఆలోచనయని గ్రహించి, తొందరపెట్టక వేచియుండు ఆ క్షణమే, నా దృష్టిలో, బోధనయందు మిక్కిలి కఠినమైన ఘట్టము. నిజాము పాలనలో ఉర్దూమాధ్యమమునఁ జదివిన తెలుఁగు తరమువారికి ఇట్లు భాషనుండి భాషకు దాటు కష్టము స్వానుభవవేద్యము. పంతులి పని బడిలోనే ముగియదు: 2022లో భౌగోళికసూచిక గుర్తింపు పొందిన తాండూరు కంది కోఁతకు వచ్చునపుడు వికారాబాదు ప్రాంతపు పల్లెబడులలో హాజరుపట్టీ పలుచనగును. అప్పుడు పంతులు, సుద్దముక్క ప్రక్కన బెట్టి, తలిదండ్రుల వాకిట నిలిచి, పిల్లలను బడికి పంపుఁడని బ్రతిమాలుకొనును (ఆ పనికి ఫలితాల పట్టికలో గడి లేదు).