ఇంజిన్ పెట్టెల కింద

బెర్‌ట్రమ్ 31 వెనక భాగంలో, ఆరుబయట, రెండు పెద్ద పెట్టెలు పక్కపక్కనే ఉంటాయి. పడవెక్కినవాళ్లు వాటి మీద కూర్చుంటారు, చేపలకొచ్చినవాళ్లు గాలాల డబ్బాలూ తినుబండారాలూ వాటి మీదే సర్దుకుంటారు. మూత ఎత్తితే కనిపించేవి ఇంజిన్లు. 1961లో న్యూయార్క్ బోట్ షోకి వచ్చి, 1983 దాకా 1,800కి పైగా తయారైన ఈ అమెరికన్ క్యాబిన్ క్రూయిజర్లలో చాలావాటికి ఇవాళ ఆ పెట్టెల్లో ఉన్నవి ఫ్యాక్టరీ పెట్టి పంపిన ఇంజిన్లు కావు. రెండో జతో, మూడో జతో. పడవ మాత్రం అదే.

అంత ఖర్చు పెట్టి ఇంజిన్లు మార్చుకునేంత ఏముంది ఈ పాత పడవలో అంటే, జవాబు నీటి కింద ఉంటుంది. రిచర్డ్ బెర్‌ట్రమ్ మయామీలో పడవల బ్రోకరు, తెరచాప పందేల్లో పేరున్నవాడు. 1958లో న్యూపోర్ట్‌లో అమెరికాస్ కప్ సందడి జరుగుతుండగా, రేమండ్ హంట్ రూపొందించిన ఓ చిన్న మోటారు పడవ గతుకుల నీళ్ల మీద వేగం తగ్గించకుండా పోవడం ఆయన కంట పడింది. అలాంటిదే 30 అడుగులది చెక్కతో చేయించుకుని, భార్య ముద్దుపేరు మీద ‘మాపీ’ అని పిలుచుకున్నాడు. 1960 మయామీ–నసావు పందెంలో, ఎదురుగాలీ పెద్ద అలలూ ఉన్న రోజున, మాపీ సుమారు 8 గంటల్లో చేరి గెలిచింది. ఆ చెక్క పడవ నుంచే ఫైబర్ గ్లాసు పడవకి అచ్చు తీశారు. అప్పటి మోటారు పడవల అడుగు ముందు కోసుగా మొదలైనా వెనక్కొచ్చేసరికి చదునైపోయేది. అల మీంచి దిగినప్పుడు దభీమని పడేది, కూర్చున్నవాళ్ల నడుములు పట్టేసేవి. హంట్ ఆ ‘వి’ ఆకారాన్ని సుమారు 24 డిగ్రీల కోణంతో వెనక చివరిదాకా లాక్కొచ్చాడు. అందుకే ఈ పడవ పెంకుని పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. పైగా ఆ రోజుల్లో ఫైబర్ గ్లాసు ఎంత మందం సరిపోతుందో లెక్క తేలక, మందంగానే వేశారు. ఆ తెలియనితనం వల్ల మేలే జరిగింది.

మొదట్లో వీటిలో ఎక్కువ వాటికి పెట్రోలు మీద నడిచే వి-8 జతలుండేవి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. ఎక్కడైనా కారితే పైకెగిరిపోకుండా పడవ అడుగున చేరి కూర్చుంటుంది. అందుకే తాళం తిప్పేముందు ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయరుని నాలుగు నిమిషాలు వేయాలన్న పలక ఇలాంటి పెట్రోలు పడవల్లో కనిపిస్తుంది. దీనికి తోడు 2000ల మధ్యలో అమెరికా తూర్పు తీరంలో పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. పాత పడవల్లోని ఫైబర్ గ్లాసు ట్యాంకుల రెసిన్‌ని అది కరిగించి, ఆ జిగురుని వాల్వుల దాకా మోసుకెళ్లింది. మన దగ్గర ఇరవై శాతం ఇథనాల్ మీద బండ్లవాళ్లు చేస్తున్న వాదనలు వినేవారికి ఆ గోల కొత్తగా అనిపించదు. ట్యాంకు ఎలాగూ మార్చాలన్నప్పుడు, డీజిల్‌కే వెళ్లిపోదాం అనుకున్నవాళ్లు తక్కువమంది కాదు.

డీజిల్ అనుకోగానే ముందు వినిపించే పేర్లలో కమిన్స్ 6బీటీఏ ఒకటి. ఆరు సిలిండర్లు, 102 మిల్లీమీటర్ల బోరు, 120 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 5.9 లీటర్లు. మనకి ఇది చుట్టమే. జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ తయారుచేసి టాటా లారీలకిచ్చిన ఇంజిను ఈ కుటుంబానిదే. లారీ ఇంజినుకి రేడియేటరు తీసేసి, సముద్రపు నీటితో చల్లబడే హీట్ ఎక్స్చేంజరూ ఆఫ్టర్‌కూలరూ తగిలిస్తే అది సముద్రానికి పనికొస్తుంది. అయితే ఇంజిను ఎంత మంచిదైనా అది డబ్బిచ్చి కొన్నది. పనితనం అన్న మాట వాడాల్సింది దాని చుట్టూ చేతులతో చేసిన వాటికి. మార్చిన ఇంజిన్లని చూపించమంటే యజమాని మెరిసే తెల్లరంగుని చూపిస్తాడు. చూడటం తెలిసినవాళ్లు టార్చిలైటు పట్టుకుని కిందికి వంగుతారు.

పాత ఇంజిన్లు తీయడం ఈ పడవలో సులువు. పెట్టెలు విప్పి, క్రేన్ కొక్కెం దింపితే చాలు. వేరే క్రూయిజర్లలో చాలావాటికి క్యాబిన్ నేలే కోయాల్సి వస్తుంది. అసలు పని ఆ ఖాళీ గుంతలోంచి మొదలవుతుంది. ఇంజిను కూర్చునే నిలువు దూలాలకి లోపల చెక్క, పైన ఫైబర్ గ్లాసు ఉండటం పాత పడవల్లో మామూలు. యాభై ఏళ్లలో ఎవరెవరో కొట్టిన స్క్రూల రంధ్రాల్లోంచి నీరు దిగి, పైపొర నిగనిగలాడుతూనే లోపలి చెక్క ముద్దైపోయి ఉంటుంది. చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ పోతే ‘టక్ టక్’ అంటున్న చప్పుడు ఒకచోట ‘డబ్ డబ్’మంటుంది. అక్కడ సుద్దతో గీత గీసి కోస్తారు. న్యూజెర్సీ తీరాన ఓ యార్డులో నేను చూసిన జతలో, కొత్త దూలానికి బోల్టు పోయే ప్రతిచోటా ముందు పెద్ద రంధ్రం తొలిచి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు రంధ్రం వేశారు. ఇక బోల్టుకి చెక్క తగలదు, నీరు ఏ దారిన వచ్చినా చెక్కని చేరదు. ఇది చేసినట్టు తర్వాత ఎవరికీ కనిపించదు. బిల్లులో గంటలుగా మాత్రమే కనిపిస్తుంది.

కొత్త ఇంజిను ఎక్కడ కూర్చోవాలన్నది ఇంజిను చెప్పదు, ప్రొపెల్లరుని తిప్పే షాఫ్టు చెబుతుంది. పడవ అడుగున బ్రాకెట్లోంచి షాఫ్టు గొట్టం గుండా సన్నని ఉక్కు తీగ లాగి, లోపల ముందుగోడ దగ్గర బిగిస్తారు. గొట్టం మధ్యగా తీగ పోతోందో లేదో నాలుగు వైపులా కొలిచి చూస్తారు. ఆ తీగే ఇక పడవకి నడిగీత. ఇంజిను కాళ్లు ఎక్కడ ఆనతాయో అచ్చంగా ఆ కొలతలతో ఓ చట్రం కట్టి, దాన్ని తీగ మీదికి దింపి, దూలాల ఎత్తు ముందే సరిచేసుకుంటారు. అయిదారు వందల కిలోల ఇంజిన్ని గాలిలో వేలాడదీసి ‘కొంచెం ఇటు, కొంచెం అటు’ అనేవాడు పనివాడు కాదని అక్కడి పెద్ద మెకానిక్కు నమ్మకం. ఆయన దింపిన ఇంజిను ఒక్కసారే దిగింది.

డీజిలు పెట్రోలు వి-8 కన్నా పొడవు. షాఫ్టు వాలుతోపాటే దీన్నీ వాల్చి పెడితే ముందుభాగం పైకి లేచి పెట్టె మూతకి తగులుతుంది. ఇందుకు ‘డౌన్ యాంగిల్’ గేరుబాక్సులొచ్చాయి. వీటిలో షాఫ్టు బయటికొచ్చే చోటు 7, 8 లేదా 10 డిగ్రీలు కిందికి వంగి ఉంటుంది కాబట్టి, ఇంజిను దాదాపు సమంగా కూర్చోగలదు. ఎంతో కొంత వాలు ఇంకా మిగులుతుంది. ఆ కాస్త వాలుకీ డిప్‌స్టిక్ అబద్ధం చెబుతుంది. మంచి మెకానిక్కు ఖాళీ ఇంజినులో లెక్క ప్రకారం నూనె పోసి, అది ఎక్కడిదాకా వచ్చిందో చూసి, డిప్‌స్టిక్ మీద ఆ పడవకంటూ కొత్త గీత గీస్తాడు. అరగంట పని. దాన్ని ఎగ్గొట్టినవాళ్ల పడవల్లో ఏళ్లతరబడి ఎక్కువో తక్కువో నూనె పోస్తూనే ఉంటారు.

గేరుబాక్సు మార్చడంలో మరో సొగసుంది. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరగాలి. లేకపోతే పడవ ఒక పక్కకే లాగుతుంది. బోర్గ్‌వార్నర్ వారి వెల్వెట్ డ్రైవ్ లాంటి పాత గేర్లలో చాలావాటికి రివర్సులో గంటల తరబడి పూర్తి బలం మోసే శక్తి లేదు. అందుకని జతలో ఒక ఇంజిన్నే ఎదురు తిరిగేలా తయారుచేసేవారు. దానికి క్యామ్‌షాఫ్టు వేరు, స్టార్టరు వేరు. ఎక్కడో రేవులో స్టార్టరు పోతే, పక్క ఇంజినుకి సరిపోయేది దీనికి సరిపోదు. ఇవాళ్టి జెడ్ఎఫ్, ట్విన్ డిస్క్ గేర్లలో చాలావాటికి రెండు దిశలూ ఒకటే. కాబట్టి ఇంజిన్లు రెండూ ఒకే వైపు తిరుగుతాయి, ఎదురు తిప్పే బాధ్యత ఒక గేరుబాక్సుది. విడిభాగాల పెట్టె సగానికి తగ్గింది. ఇంజిన్లు మార్చి గేర్లు పాతవే ఉంచుకోవడం పొదుపని కొందరంటారు. నాకది పొదుపుగా తోచదు. పెట్రోలు ఇంజిను 4,000 పైచిలుకు చుట్ల దగ్గర ఇచ్చే బలాన్ని డీజిలు 2,600, 2,800 చుట్ల దగ్గరే ఇస్తుంది. అంటే షాఫ్టుని మెలిపెట్టే బలం ఒక్కసారిగా పెరుగుతుంది. పాత గేరు, పాత సన్న షాఫ్టు దానికోసం పుట్టలేదు.

ఈ లెక్క చివరికి ప్రొపెల్లరు దగ్గర తేలుతుంది. ఇంజిను 2,800 చుట్లు, గేరు రెండుకి ఒకటి అనుకుందాం. షాఫ్టు నిమిషానికి 1,400 సార్లు తిరుగుతుంది. ప్రొపెల్లరు పిచ్ 24 అంగుళాలైతే, అంటే నీరు జారకుండా ఉంటే ఒక్క చుట్టుకి అంత దూరం నెట్టగలదైతే, వేగం 27 నాట్లు దాటాలి. నీరు జారుతుంది. అయిదో వంతు అలా పోయిందనుకుంటే మిగిలేది 22. పిచ్ ఇంకాస్త పెంచితే వేగం పెరుగుతుందని యజమానికి ఆశ. పూర్తి సామాను, నిండు ట్యాంకులు, అడుగున కొంత నాచుతో కూడా థ్రాటిల్ పూర్తిగా తోస్తే ఇంజిను తన 2,800 చుట్లూ అందుకోవాలి. అందుకోలేదంటే అది నిండు లోడు లారీని టాప్ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కించడమే. పొగ నల్లగా వస్తుంది, పిస్టన్లు వేడెక్కుతాయి, కొన్ని వందల గంటల్లో కొత్త ఇంజిను ముసలిదవుతుంది. మరీ పెద్ద ప్రొపెల్లరు పెడదామన్నా వీలు కాదు. రెక్కల కొసకీ పడవ అడుగుకీ మధ్య, ప్రొపెల్లరు వ్యాసంలో పది నుంచి పదిహేను శాతం ఖాళీ ఉండాలి. లేదంటే ప్రతి రెక్కా పెంకుని గుద్దుతున్నట్టు నేలంతా అదురుతుంది.

ఆ ప్రొపెల్లరుని షాఫ్టుకి ఎక్కించడం చూస్తే ఓ పూట గడిచిపోతుంది. షాఫ్టు చివర సన్నగా కోసుకొస్తుంది, ప్రొపెల్లరు బొడ్డు రంధ్రం కూడా అదే వాలుతో ఉంటుంది. ‘కీ’ అనే చిన్న ఉక్కు ముక్క మధ్యలో పడుతుంది. అందరూ అనుకునేది ఆ ముక్కే బలాన్ని మోస్తుందని. నిజానికి మోయాల్సింది ఆ రెండు వాలుల పట్టు. అందుకని ముందు ముక్క లేకుండా, షాఫ్టుకి ప్రష్యన్ బ్లూ పల్చగా రాసి, ప్రొపెల్లరు తోసి, తీసి చూస్తారు. నీలం అంటినచోటే లోహం లోహాన్ని తాకుతోంది. మొదటిసారి అక్కడక్కడా మచ్చలే. గ్రైండింగ్ పేస్టు రాసి ప్రొపెల్లరుని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ అరగదీస్తారు, తుడుస్తారు, మళ్లీ నీలం రాస్తారు. మచ్చలు పెరిగి కలిసిపోయి రంధ్రమంతా సమంగా నీలమయ్యేదాకా ఇదే. అప్పుడు ప్రొపెల్లరు ఎక్కడిదాకా వచ్చిందో షాఫ్టు మీద గీత పెట్టి, ఉక్కు ముక్క వేసి మళ్లీ ఎక్కిస్తారు. గీత దాకా రాకపోతే ఆ ముక్క ఎత్తు ఎక్కువై ప్రొపెల్లర్ని పైకి లేపుతోందన్నమాట. దాన్ని ఆకురాయితో రాస్తారు. చివర్న రెండు నట్లు. ముందు పల్చటిది, దాని వెనక మందపాటిది. ప్రపంచంలో సగం పడవలకి ఇది తిరగేసి ఉంటుంది, ఎందుకంటే పెద్ద నట్టే ముందు పడాలని కంటికి తోస్తుంది. రెండో నట్టు బిగించేసరికి బరువంతా దాని మరల మీదికే వస్తుంది, కాబట్టి మందపాటిది బయటే ఉండాలి.

పొగగొట్టాల సంగతి కొంత చెప్పాలి. వేడి పొగలోకి సముద్రపు నీరు చిమ్మి, రెంటినీ కలిపి రబ్బరు గొట్టంలో వెనక్కి పంపుతారు. ఆ నీరు చిమ్మే మోచెయ్యి వంపు నీటిమట్టానికి కనీసం అడుగు ఎత్తున ఉండాలి. తక్కువైతే వెనకనుంచి అల కొట్టిన రోజున నీరు టర్బోలోకి, అక్కణ్నించి సిలిండర్లలోకి చేరుతుంది. ఇంజిన్ల ఆయుష్షు తీసేసినవాటిలో అరుగుదలకన్నా ఈ వంపే ఎక్కువని పాత మెకానిక్కులంటారు. నేను నమ్ముతాను. మిగతావి, అంటే వైర్లు, మీటర్లు, కంట్రోలు కేబుళ్లు, డీజిలు తిరిగొచ్చే గొట్టం (పెట్రోలు ట్యాంకుకి అది ఉండేదే కాదు), శ్రద్ధ కావాల్సినవే గానీ కష్టమైనవి కావు.

అన్నిటికన్నా సూక్ష్మమైన పని పడవ నీళ్లలోకి దిగాక జరుగుతుంది. నేల మీద ఆనించినప్పుడు పడవ ఆకారం ఒకటి, నీరు మోస్తున్నప్పుడు మరొకటి. ఈ తేడా కంటికి ఆనదు, షాఫ్టుకి తెలుస్తుంది. దించిన తర్వాత ఒకటి రెండు రోజులు అలా వదిలేసి, అప్పుడు గేరుబాక్సు కప్లింగునీ షాఫ్టు కప్లింగునీ విడదీసి, మళ్లీ ముఖాముఖి తెస్తారు. మధ్య సందులో ఫీలర్ గేజి ఆకు దూరుస్తారు. పైన, కింద, కుడి, ఎడమ. కప్లింగు వ్యాసం ఒక్కో అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు తేడా దాకా ఒప్పుకుంటారు. నాలుగు అంగుళాల కప్లింగుకి అలాంటి వెయ్యో వంతులు నాలుగు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఆ మెకానిక్కు ఆకు దూర్చేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. వేళ్లకి తగిలే రాపిడే కొలత. తేడా ఉంటే ఇంజిను కాలి నట్టుని ఆరో వంతు తిప్పుతాడు, అంటే ఒక్క ముఖం. ఒక కాలు కదిలితే మిగతా మూడూ మారతాయి కాబట్టి మళ్లీ మొదటికి. అన్నీ కుదిరాక షాఫ్టుని పావు చుట్టు తిప్పి మళ్లీ కొలుస్తాడు. సందు షాఫ్టుతోపాటు తిరిగిందంటే తప్పు ఇంజిను కూర్పుది కాదు, కప్లింగుదో, వంగిన షాఫ్టుదో.

న్యూజెర్సీలో నేను చూసిన ఆ జత పూర్తి థ్రాటిల్ మీద తన చుట్లన్నీ అందుకుంది. యజమాని సంబరపడుతుంటే మెకానిక్కు పెట్టె మూతలు తీసి, మోకాళ్ల మీద కూర్చుని షాఫ్టు సీలు దగ్గర చెయ్యి పెట్టి వేడి చూసుకున్నాడు. ఇంజిను కాళ్ల కింది రబ్బరు కొత్తలో కొంత కుంగుతుంది. యాభై గంటలు నడిచాక పడవని మళ్లీ తీసుకురమ్మనీ, కప్లింగు విప్పి కొలిచేదాకా వేగం పందేలు వద్దనీ చెప్పి బిల్లు రాసిచ్చాడు.