సవానాలో మూడు రోజుల వరస

లాంగ్ వీకెండ్ దగ్గర పడిందంటే అట్లాంటాలో మా తెలుగువాళ్ల ఇళ్లల్లో ఫోన్లు మోగుతాయి. ఎక్కడికి వెళ్దాం, ఎన్ని కార్లు, ఏమేం చూడొచ్చు? సాయంత్రానికల్లా వాట్సాప్‌లో ఒక పెద్ద జాబితా తయారవుతుంది. ఆ జాబితా కంటే ముందు తేల్చుకోవలసింది వరస అని నా నమ్మకం. పాత ఊళ్లకు వెళ్లేటప్పుడు మరీను. మేడ ముందు చూసి మురిసిపోయి, ఆ మేడ ఎవరి చెమటతో లేచిందో ఆఖరి రోజు తెలుసుకుంటే, అప్పటికి ఫొటోలన్నీ తీసేసి ఉంటాం. తెలిశాక మళ్లీ వెనక్కి వెళ్లి చూసే తీరిక మూడు రోజుల్లో దొరకదు. ఏది ముందు, ఏది తరవాత, ఏది ఈసారికి వద్దు అనే మూడు విషయాలు ఇంట్లోనే తేలిపోవాలి. జార్జియా తీరంలోని సవానా నాకు ఈ పాఠం బాగా నేర్పింది.

సవానా పుట్టిందే ఒక ప్లాను మీద. 1733లో జేమ్స్ ఓగిల్‌థార్ప్ నది ఒడ్డున గట్టు మీద ఊరికి ముగ్గు పోసినప్పుడు ఒక వార్డును కొలమానంగా పెట్టుకున్నాడు. నడుమ ఖాళీ చౌకం, అదే స్క్వేర్. దానికి ఉత్తరాన, దక్షిణాన ఇళ్ల స్థలాలు, పదేసి చొప్పున నాలుగు వరసలు. తూర్పు పడమరల్లో గుడికీ బడికీ కచేరీకీ పెద్ద స్థలాలు. జనం పెరిగినప్పుడల్లా పక్కన అలాంటి వార్డునే ఇంకోటి అతికించారు. పందొమ్మిదో శతాబ్దం నడిమికి స్క్వేర్లు 24 అయ్యాయి, అందులో 22 ఇప్పటికీ ఉన్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి నాలుగడుగులు వేస్తే చాలు. ప్రతిదాంట్లో ఓక్ చెట్ల నీడ, ఆ కొమ్మల నుంచి బూడిదరంగు జడల్లా వేలాడే స్పానిష్ మాస్, కింద బెంచీలు.

ఆ బెంచీల వల్లే ఈ ఊరు మా ఇంటికి కుదిరింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలల కోసం వచ్చినప్పుడు వాళ్లను తీసుకెళ్లగలిగే ఊళ్లు అమెరికాలో తక్కువే. చాలాచోట్ల నడిస్తే నడవాలి, లేకపోతే కారులోనే కూర్చోవాలి. ఇక్కడ మోకాళ్ల నొప్పులవాళ్లు ఒక స్క్వేర్ నుంచి ఇంకో స్క్వేర్‌కు నడిచి కూర్చుంటారు, పిల్లలు ముందుకు పరుగెత్తి వెనక్కి వస్తారు. "ఈ ఊళ్లో ముసలివాళ్లకి కూడా చోటుంచారు నాన్నా" అంది మా అమ్మ. పెద్దలతో వెళ్తే రివర్ స్ట్రీట్ విషయంలో మాత్రం జాగ్రత్త. గట్టు మీంచి నది పక్కకు దిగే పాత రాతిమెట్లు బాగా నిటారుగా ఉంటాయి. కింద పరిచినవి ఒకప్పుడు ఓడలు బరువు కోసం వేసుకొచ్చిన ఎగుడుదిగుడు రాళ్లు. సిటీ హాల్ పక్కన లిఫ్ట్ ఉంది, అందులో దిగడం మేలు.

ఎప్పుడు వెళ్లాలి? నా ఓటు జనవరికి. మేలో మెమోరియల్ డే నాటికే ఉక్కపోత మొదలవుతుంది. సెప్టెంబరులో లేబర్ డే అంటే తుపాన్ల కాలం. మార్చి 17 చుట్టూ సెయింట్ పాట్రిక్స్ డే పెరేడ్ కోసం జనం పోటెత్తుతారు, గదులు దొరకవు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. అప్పటికి చలి మన స్వెటరుకు లొంగేంతే ఉంటుంది, కమీలియాలు పూసి ఉంటాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఊరి చరిత్రలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే సంగతి జరిగింది కూడా జనవరిలోనే. అక్కడికి వస్తాను.

అట్లాంటా నుంచి సుమారు 250 మైళ్లు. ఐ-75 మీద మేకన్ దాకా, అక్కణ్నుంచి ఐ-16. నాలుగు గంటలు పడుతుంది. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే ఊరు దాటడానికే ప్రాణం పోతుంది కాబట్టి శనివారం తెల్లవారుజామున బయల్దేరడం మంచిది. మేకన్ దాటాక దారంతా పైన్ చెట్లే, పెట్రోలు ముందే పోయించుకోవాలి. మొదటి పూట భోజనానికి పులిహోర కట్టుకుంటే హోటల్ వెతుకులాట తప్పుతుంది. గది ఊరి చివర ఇంటర్‌స్టేట్ పక్కన తీసుకుంటే చవకే. కానీ పొద్దున్నే లేచి నడిచి వెళ్లగలిగేచోట రెండు రాత్రులు ఉండటం, ఎక్కడో మూడు రాత్రులు ఉండటం కంటే మేలు. ఈ ఊళ్లో పొద్దుటి ఏడు గంటల వేళ చాలా విలువైనది.

కారు ఎల్లిస్ స్క్వేర్ కింద ఉన్న గ్యారేజీలో పెట్టి మరిచిపోవాలి. ఆ స్క్వేర్ కథ పిల్లలకు అక్కడే చెప్పాలి. అక్కడ పాత సిటీ మార్కెట్ ఉండేది. 1954లో దాన్ని పడగొట్టి కార్ల పార్కింగ్ కోసం గ్యారేజీ కట్టారు. మరుసటి ఏడాది 1820 నాటి డేవెన్‌పోర్ట్ హౌస్‌ను కూడా పార్కింగ్ కోసమే కూల్చబోతుంటే ఏడుగురు స్త్రీలు 22,500 డాలర్లు పోగుచేసి ఆ ఇంటిని కొన్నారు. హిస్టారిక్ సవానా ఫౌండేషన్ అలా మొదలైంది. ఈరోజు మనం చూడటానికి వెళ్లే ఊరు మిగిలిందంటే ఆ పట్టుదల వల్లే. చివరికి ఎల్లిస్ స్క్వేర్‌లోని ఆ గ్యారేజీనీ తీసేశారు. కార్లను భూమి కిందికి పంపి 2010లో స్క్వేర్‌ను మళ్లీ జనానికి తెరిచారు.

మొదటి మధ్యాహ్నం నేను పెట్టేది ఒక్క రైట్ స్క్వేరే. ఈ నేల యమక్రా ప్రజలది. వాళ్ల పెద్ద టోమోచీచీ ఓగిల్‌థార్ప్‌ను ఇక్కడ ఊరు కట్టుకోనిచ్చాడు. ఇద్దరి మధ్య మాట కలిపింది క్రీక్ తెగకు చెందిన తల్లికి పుట్టిన మేరీ మస్‌గ్రోవ్. టోమోచీచీ 1739లో చనిపోతే ఈ స్క్వేర్ నడుమ గౌరవంగా సమాధి చేశారు. 1883లో అదే చోట ఒక రైల్వే అధిపతికి స్మారకం లేపారు. ఆ తప్పు బాధించి 1899లో స్త్రీలే పూనుకుని ఓ మూల పెద్ద గ్రానైటు బండ పెట్టించారు. ఆ బండ వచ్చింది మనం పిల్లల్ని ఎక్కించే స్టోన్ మౌంటెన్ నుంచి. ఊరు ఎవరి నేల మీద లేచిందో మొదటి రోజే తెలిస్తే తరవాతి రెండు రోజులూ కళ్లు వేరుగా చూస్తాయి.

రెండో రోజు పొద్దున ఓవెన్స్-థామస్ హౌస్. టికెట్లు ముందే, టైముతో సహా తీసుకోవాలి. 1819లో పూర్తయిన ఈ భవనం రూపశిల్పి విలియం జే, ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్రవాడు. వైట్ హౌస్‌లో లేనప్పుడే ఇక్కడ పై అంతస్తుకు గొట్టాల్లో నీళ్లు వచ్చేవి. కానీ మ్యూజియం వారు మనల్ని ముందు తీసుకెళ్లేది పెరటికే, బానిసలుగా ఉంచిన మనుషులు నిద్రపోయిన గదుల్లోకి. పైకప్పుకు వాళ్లు పూసిన నీలిరంగు ఇంకా కనిపిస్తుంది. దుష్టశక్తులు రాకుండా వేసుకున్న రంగు. ఆ గదిలో నిలబడ్డాక పెద్ద ఇంట్లోకి వెళ్తే మెరిసే మెట్లను తుడిచిన చేతులు గుర్తొస్తాయి. ఈ వరస పెట్టినవాళ్లకు నేను నమస్కరిస్తాను. మ్యూజియం పేరులోనే 'స్లేవ్ క్వార్టర్స్' చేర్చినది కూడా వాళ్లే. జార్జియా కాలనీ 1735లో బానిసత్వాన్ని నిషేధించిందనీ, 1751 నాటికి లాభం కోసం ఆ నిషేధాన్ని ఎత్తేసిందనీ తెలిసి వెళ్తే ఆ గది ఇంకా బరువుగా ఉంటుంది.

ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లో ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి ఉంది. ఈ భవనం 1859లో పూర్తయింది. బానిసలుగా ఉన్నవాళ్లే పగలంతా యజమానుల పని చేసి రాత్రుళ్లు వచ్చి కట్టుకున్నారు. కింది అంతస్తు చెక్క నేలలో ఒక ఆఫ్రికన్ ఆకృతిలో రంధ్రాలున్నాయి. పారిపోయి వచ్చి నేల కింద దాక్కున్నవారికి అవే గాలి ఇచ్చాయని చర్చివారు చెబుతారు. ఆదివారం ప్రార్థనల రోజు కాబట్టి టూరు ఏ రోజుల్లో ఉందో ముందే కనుక్కోవాలి.

ఇక జనవరి సంగతి. మాడిసన్ స్క్వేర్ పక్కన గ్రీన్-మెల్డ్రిమ్ హౌస్ ఉంది. ఒక పత్తి వ్యాపారి ఇల్లు. అంతర్యుద్ధంలో 1864 డిసెంబరులో సవానాను పట్టుకున్న ఉత్తరాది జనరల్ షెర్మన్ అందులో దిగాడు. 1865 జనవరి 12న ఆ ఇంటి పై గదికి 20 మంది నల్లజాతి మతపెద్దలు వచ్చారు. వాళ్ల తరఫున మాట్లాడింది గారిసన్ ఫ్రేజియర్. వయసు 67, ఎనిమిదేళ్ల కిందట వెయ్యి డాలర్లు చెల్లించి తననూ భార్యనూ తానే విడిపించుకున్న మనిషి. మీకేం కావాలి అని అడిగితే భూమి కావాలన్నాడు, దాన్ని మా చేతులతో దున్నుకుని బతుకుతాం అన్నాడు. నాలుగు రోజులకు షెర్మన్ ఉత్తర్వు వచ్చింది. తీరం పొడుగునా ఒక్కో కుటుంబానికి 40 ఎకరాల దాకా. ఆ ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకే తిప్పి ఇచ్చేశాడు. దున్నేవాడిదే భూమి అన్న నినాదం వింటూ పెరిగిన తెలంగాణ మనిషికి ఆ ఇంటి ముందు నిలబడితే ఎవరూ వివరించాల్సిన పని ఉండదు. ఆ ఇల్లు ఇప్పుడు చర్చి ఆస్తి. వారంలో కొన్ని రోజులు, కొన్ని గంటలే తెరుస్తారు. మూసి ఉన్నా ఎదురుగా స్క్వేర్‌లో కూర్చుని పిల్లలకు ఈ కథ చెప్పుకోవచ్చు. ప్రయాణం మొత్తంలో ఒక్క గంటే మిగిలిందంటే నేను ఇక్కడే కూర్చుంటాను.

తిండి సంగతి క్లుప్తంగా. శాకాహారులు అడిగి తినాలి. ఆకుకూరల్లో, టమాటాతో వండే రెడ్ రైస్‌లో పంది మాంసం పడే అలవాటు ఉంది. రెడ్ రైస్‌కు మూలం పశ్చిమ ఆఫ్రికా. వరి పండించడం తెలిసిన మనుషులను పట్టి తెచ్చి ఈ తీరంలో మళ్లు చేయించారు, వాళ్ల వంట వాళ్లతోనే వచ్చింది. ఆదివారం సాయంత్రం పిల్లలు అలిసి ఉంటారు. నది మీద అటూ ఇటూ తిరిగే ఉచిత ఫెర్రీ ఎక్కించండి. ఆ పడవలకు ఈ ఊరి స్త్రీల పేర్లు పెట్టారు. ఒకదానిది మేరీ మస్‌గ్రోవ్, ఇంకోదానిది బానిసగా పుట్టి, దొంగచాటుగా చదువు నేర్చుకుని, టీచరయిన సూసీ కింగ్ టేలర్.

తీసేసేవి రెండు. టైబీ ద్వీపం బాగుంటుంది, కానీ దానికి ఒక రోజంతా కావాలి. పోటు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ దారి మీదికి నీళ్లు వస్తాయి కూడా. రెండోది రాత్రిపూట దయ్యాల టూర్లు. చాలామందికి ఇష్టమే. ఇక్కడ చనిపోయినవాళ్లకు పేర్లున్నాయి, కొన్నిచోట్ల వెలల పట్టీలు కూడా ఉన్నాయి. వాళ్లను భయపెట్టే కథలుగా పిల్లలకు పరిచయం చేయడం నాకు సమ్మతం కాదు.

సోమవారం కింగ్ పెరేడ్ ఉంటుంది, వీధులు మూస్తారు. కారు ముందే బయటికి తెచ్చి పెట్టుకుని, కాసేపు పెరేడ్ చూసి బయల్దేరాలి. ఐ-16 ఎక్కేముందు ఊరికి పడమట ఒక చిన్న పార్కు దగ్గర ఆగాలి. అక్కడ 2008లో పెట్టిన ఫలకం ఉంది. ఆ చుట్టుపక్కలే ఒకప్పుడు గుర్రప్పందాల మైదానం ఉండేది. 1859 మార్చి 2, 3 తేదీల్లో పియర్స్ బట్లర్ తన అప్పులు తీర్చడానికి వరి, పత్తి తోటల్లోని నాలుగు వందల మందికి పైగా మనుషులను అక్కడ వేలం వేయించాడు. ఆ రెండు రోజులూ వాన కురిసింది. వాళ్ల వారసులు దాన్ని ఏడుపుల కాలం అని తలుచుకుంటారు. దీన్ని చివర పెట్టడానికి కారణం ఉంది. ఈ ఫలకం చదివాక పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, అమ్మానాన్నలూ అడుగుతారు. స్క్వేర్లలో తిరిగే హడావుడిలో వాటికి జవాబు చెప్పలేం. కారులో నాలుగు గంటలు ఉంటుంది, అందరూ ఒకేచోట కూర్చుని ఉంటాం. మేకన్ వచ్చేదాకా నేను పాటలు పెట్టను.