తప్పులేని గ్రంథము, నమ్మదగిన గ్రంథము

బేస్తవారిపేటకు దాపుననున్న యొక పల్లెలో నేనెరిగిన కుటుంబ మొకటి కలదు. ఆ యింటి అవ్వ చిన్నతనమున బడిముఖము చూచినది కాదు. నడివయస్సు దాటిన పిమ్మట మనుమరాలి పలకమీద అక్షరములు దిద్దుకొని, కూడబలుకుకొనుచు, కొన్ని సంవత్సరములకు తెలుగు బైబిలును తనంతట తాను చదువగలిగినది. ఆమె చదివిన పుస్తకము అదియొక్కటియే. కళాశాలలో చదువుచున్న మనుమడు సెలవులకు వచ్చి, తనకు బహుమానముగా దొరకిన పాత ఆంగ్ల బైబిలును అవ్వ పుస్తకముతో సరిచూచుచు ఒకనాడిట్లడిగెను: “అవ్వా, నీవు దినదినము చెప్పు ప్రభువు ప్రార్థన చివర రాజ్యము, శక్తి, మహిమ యను మాటలున్నవి గదా. ఇంగ్లీషు మత్తయిలో నవి యున్నవి. నీ పుస్తకములో ప్రార్థన వానికి ముందే ముగిసినదేమి?”

అవ్వ అప్పటి కేమియు పలుకలేదు. బాలుడు పోయి ఒక బోధకుని నడిగెను. లేఖనమున నొక్క యక్షరము తప్పైనను లేఖనమంతయు తప్పగుననియు, అది తప్పుట అసంభవమనియు, ఇట్టి ప్రశ్నలు శోధకుని ప్రేరణచే పుట్టుననియు ఆయన సెలవిచ్చెను. బాలుడు ఈ మూడు మాటలలో మొదటిదానిని మాత్రము నమ్మెను. నమ్మి, రెండు పుస్తకములకును గల భేదము కన్నులయెదుట కనబడుచుండగా, రెంటిని మూసివైచెను.

బోధకుడు చెప్పిన సిద్ధాంతము ఆయన కల్పించినది కాదు. 1833లో అమెరికా బాప్తిస్టులు వ్రాసికొనిన న్యూ హాంప్‌షైరు విశ్వాసప్రకటనమే లేఖనమున తప్పు కలియలేదని చెప్పినది. 1881లో ప్రిన్స్‌టన్ పండితులైన హాడ్జి, వార్‌ఫీల్డులు దానిని తర్కబద్ధము గావించిరి. 1978లో చికాగో నగరమున రెండు వందలకు పైబడిన క్రైస్తవ నాయకులు కూడి, 19 అధికరణములుగల ప్రకటనమున లేఖన నిర్దోషత్వమును స్థాపింపజూచిరి. నేడు మన పల్లెలలోని ప్రసంగములలో వినవచ్చు మాటలకు మూలము చాలవరకీ పత్రమునందే కలదు. అయితే ప్రసంగములకు అందని దొకటి అందులో నున్నది. నిర్దోషత్వము మూలరచయితలు స్వయముగా వ్రాసిన ప్రతులకే ముఖ్యముగా చెందుననియు, నకళ్లును అనువాదములును మూలము ననుసరించినంతవరకే దైవవాక్యములనియు ఆ ప్రకటనము పదియవ అధికరణమే ఒప్పుకొనుచున్నది. సంఖ్యలు స్థూలముగా చెప్పబడుట, పూర్వవాక్యములు యథాతథముగా గాక భావముగా ఎత్తి చూపబడుట మొదలైనవి దోషములు కావని పదుమూడవ అధికరణము చెప్పుచున్నది. ఇంత జాగ్రత్తతో వ్రాయబడిన సిద్ధాంతము పల్లెకు చేరునప్పటికి “ఒక్క యక్షరము తప్పైన అంతయు తప్పు” అయినది.

అక్షరము మాట వచ్చినది గనుక అక్షరముల కథనే చూతము. హెబ్రీయుల ప్రాచీన లిపి హల్లులతో వ్రాయునది. గుణింతము లేని తెలుగును ఊహించుకొనుడు: “క, ల” అని మాత్రము వ్రాసి, కాలో, కలయో, కీలో చదువరియే తెలిసికొనవలెను. పరంపరగా చదువువారి నోటనున్న ఉచ్చారణమును నిలుపుటకై క్రీస్తుశకము 6 మొదలు 10 వరకు గల శతాబ్దులలో మసోరెటులను యూదపండితులు అక్షరములకు స్వరచిహ్నములు చేర్చిరి. ఇవి అర్వాచీనములని లూయీ కాపెల్ అను ఫ్రెంచి పండితుడు 1624లో నిరూపింపగా భక్తులకు భయము కలిగినది. 1675లో స్విట్జర్లాండు సంఘములవారు ఆ స్వరచిహ్నములును దైవప్రేరితములే యని శాసనము చేసిరి. ఆ శాసనము నూరేండ్లైనను నిలువలేదు. తరువాతి తరముల వారే దానిని సడలించి విడిచిరి. గ్రంథము పడిపోలేదు. దానిచుట్టు కట్టిన గోడ మాత్రము పడిపోయినది.

తెలుగు క్రైస్తవగృహములలో మిక్కిలి పూజ్యమైన “యెహోవా” అను నామమునకే ఈ కథ సంబంధించినది. యూదులు ఆ నాలుగు హల్లుల నామమును భయభక్తులచే నుచ్చరింపక, దానికి బదులు “ప్రభువు” అను అర్థముగల వేరొక మాటను చదువుచుండిరి. ఆ మాట స్వరములను ఈ నామపు హల్లులకు తగిలించి చదువుటచే నేటి రూపమేర్పడినదని పండితులలో అధికులు చెప్పుదురు. అంతమాత్రమున ఆ పేర పిలిచినవారి మొర వ్యర్థమైనదని యనగలమా? బృహస్పతివారము జనుల నోట నలిగి బేస్తవారమైనదందురు; ఆ రూపముతోనే ఈ ఊరి పేరున నిలిచినది. మాట నలిగినదని యెవడును గురువారపు సంతకు శుక్రవారము పోవుట లేదు.

ఇక అనువాదము సంగతి. విశాఖపట్టణమునకు 1805లో వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజి యను ఇద్దరు మిషనరీలు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెనిగింప నారంభించిరి. ఆ ఇద్దరును ముద్రణము చూడకయే మృతినొందిరి. 1812లో మూడు సువార్తలు శ్రీరామపురమున అచ్చుపడినవి. ఆ సంవత్సరమే మార్చి 11వ తేదిని అక్కడి ముద్రాలయము దగ్ధమై, పెక్కు భాషల వ్రాతప్రతులును అచ్చు అక్షరములును బూడిదయైనవి. సంపూర్ణమైన తెలుగు బైబిలు 1854లో గాని వెలువడలేదు. ఆ తరువాత జాన్ హే మొదలగువారు దానిని మరల మరల దిద్దిరి. దిద్దుట యనగా మునుపటిది సరిపోలేదని యొప్పుకొనుట గదా! ఇట్టి యొప్పుకోలు ఆ మహనీయులకు సిగ్గుగా తోచలేదు.

అనువాదమున నొక్క విభక్తి యెంతపని చేయునో కలకత్తాలో జరిగిన యొక సంగతి తెలుపును. రామమోహనరాయలు, విలియం ఏడమ్ అను బాప్తిస్టు మిషనరీతోడను యేట్స్ తోడను కూడి సువార్తలను వంగభాషలోనికి మార్చుచుండెను. యోహాను సువార్త ఆరంభమున సమస్తము వాక్యము “చేత” కలిగినదని వ్రాయవలెనా, వాక్యము “ద్వారా” కలిగినదని వ్రాయవలెనా యను వివాదము పుట్టినది. ఆ వాదమున రామమోహనుని పక్షము వహించిన ఏడమ్ 1821లో త్రిత్వసిద్ధాంతమునే విడిచి ఏకేశ్వరవాదియైనాడు. తోటి క్రైస్తవులు ఆయనను రెండవమారు పతనమైన ఆదాము అని పరిహసించిరి. మరియొక మాట: గ్రీకులోని బాప్తిస్మమును కథోలికులు జ్ఞానస్నానమనిరి, ప్రొటెస్టంటులు గ్రీకు మాటనే తెలుగు చేసికొనిరి. ఆ మాటను మునుక యను అర్థము వచ్చునట్లు వంగభాషలోనికి మార్చిన గ్రంథమునకు అమెరికా బైబిలు సంఘము 1836లో ద్రవ్యసహాయము నిరాకరింపగా బాప్తిస్టులు వేరొక సంఘమునే స్థాపించుకొనిరి. కథోలికుల బైబిలులో 73 పుస్తకములు, ప్రొటెస్టంటులదానిలో 66. ఏది తప్పులేనిదని అడుగుటకు ముందు ఏది గ్రంథమని అడుగవలసియున్నది!

గ్రంథములోపలనే యున్న చిక్కు లొకటి రెండు చూపుట చాలును. యెహోయాకీను రాజు ఏలనారంభించినప్పుడు పదునెనిమిదేండ్లవాడని రాజుల రెండవ గ్రంథము చెప్పుచుండగా, దినవృత్తాంతముల రెండవ గ్రంథము ఎనిమిదేండ్లవాడనుచున్నది. లేఖకుడొకడు పది యను మాట జారవిడిచియుండునని సిద్ధాంతులు సమాధానము చెప్పుదురు. అది సంభావ్యమే. కాని అట్లు చెప్పినంతనే మనచేతనున్న ప్రతిలో తప్పున్నదని యొప్పుకొన్నట్లే గదా. తప్పులేని మూలప్రతి నేడు ఎక్కడను లేదు. లేని ప్రతికి నిర్దోషత్వము నారోపించి, ఉన్న ప్రతిని చేతబట్టి బాలుని గద్దించుట న్యాయము కాదు.

వేరొక పక్షమును చెప్పవలసియున్నది. 1947లో మృతసముద్రపు గుహలలో దొరకనారంభించిన చుట్టలలో యెషయా గ్రంథ మొకటి కలదు. అది అంతకుమునుపు తెలిసిన హెబ్రీ ప్రతులకన్న దాదాపు వేయి సంవత్సరములు పాతది. సరిచూడగా చిన్న చిన్న భేదములు బహుళముగా కనబడినవి. గ్రంథము మాత్రము ఆ గ్రంథమే. వేయేండ్లు చేతివ్రాతతో సాగినదానికి ఇంతకుమించిన సాక్ష్యము కోరనక్కరలేదు. ఇది నమ్మదగినతనము. తప్పులేమి కాదు. ఈ రెంటి భేదమునే బోధకుడు బాలునికి చెప్పక దాచెను, లేదా తానే యెరుగకుండెను.

మన యింటి సంగతియు మరువరాదు. వేదము అపౌరుషేయము గనుక దోషరహితమని మీమాంసకులు శతాబ్దుల తరబడి వాదించిరి. బ్రహ్మసమాజమున దేవేంద్రనాథ ఠాకూరు కాశికి విద్యార్థులను పంపి వేదములను చదివించి, అక్షయకుమార దత్తాదులతో తర్కించి, తుదకు 1850 ప్రాంతమున వేదము నిర్దోషమను మతమును విడిచెను. ఆయనకది సులభమైన పని కాలేదు. విడిచిన పిమ్మట ఉపనిషత్తులను పారవేయలేదు. వానినుండి తన హృదయమునకు తగిన వాక్యములేర్చి గ్రంథము కూర్చెను.

అయితే ఈ ప్రాంతపు క్రైస్తవునకును దేవేంద్రనాథునకును గొప్ప భేదమున్నది; దీనిని గ్రహింపని విమర్శ క్రూరమగును. ఠాకూరు వంశీయునకు గ్రంథములు కొరత కాదు. ఇచ్చట, కంభము చెరువునుండి మార్కాపురము మీదుగా సముద్రమునకు పోవు గుండ్లకమ్మ యొడ్డున, ఒంగోలు దాపుననున్న వేలంపల్లి యొద్ద 1878 జూలై 3వ తేదిని 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మూడు దినములలో 3,536 మంది. వారిలో నధికులు మాదిగలు, చదువు రానివారు. 1876 మొదలు 1878 వరకు నడచిన గొప్పకరవులో కూటికై మతము పుచ్చుకొనిరను నింద రాకుండుటకై క్లౌ దొరగారు కరవుకాలమంతయు బాప్తిస్మములను ఆపివైచిరి. ఆ జనులు నమ్మినది అక్షరములను కాదు. యెర్రగుంట్ల పేరయ్యవంటి తమలోనివాడొకడు పల్లెపల్లె తిరిగి చెప్పిన మాటను, బకింగ్‌హామ్ కాలువపనిలో తమకు కూలి యిప్పించిన దొరగారిని నమ్మిరి. పుస్తకము తరువాత వచ్చినది. వేదము వినుటకును అనర్హులన్న లోకమున, నీది యిది, నీవే చదువుకొనుమని చేతికిచ్చిన మొదటి గ్రంథమది. అట్టిదానిలో తప్పున్నదని యెవడైన అన్నచో వారి చెవికది గ్రంథవిమర్శ కాదు. తమకు దొరకిన యొక్క ఆస్తిని లాగికొనుటయే. నిర్దోషత్వసిద్ధాంతము మన పల్లెలలో నింత బలముగా నుండుటకు హాడ్జి, వార్‌ఫీల్డుల తర్కము కారణము కాదని నా తలంపు. కారణమిది.

కావుననే బోధకుని జవాబు నన్ను నొప్పించినది. నీవే చదువుమని యిచ్చిన గ్రంథమును, చదివి ప్రశ్నించినవానిని గద్దించి, మరల నొక పురోహితుని చేతిలో పెట్టుట యే న్యాయము? ఆదివారపు బడిలో పిల్లలకు నోవహు ఓడను చెప్పుచున్నారు. ప్రతులు వ్రాసినవారి కథను, ఆనందరాయరు కథను, శ్రీరామపురపు మంటలను చెప్పరాదా? నాలుగవ శతాబ్దపు సీనాయి, వాతికాను ప్రతులలో మత్తయి సువార్తయందు ప్రార్థన చివరి స్తుతి లేదనియు, సంఘములలో ప్రార్థించునపుడు జనులు నోట చేర్చి పలుకుచుండిన దానిని పిమ్మటి లేఖకులు గ్రంథమున చేర్చియుందురని పండితులు తలంచుచున్నారనియు చెప్పుటకు అయిదు నిమిషములు చాలును.

ఈ మాట నేను ఆ బాలునికి చెప్పుచుండగా అవ్వ గడపయొద్ద కూర్చుండి వినుచుండెను. విని యిట్లనెను: “ఆ చివరిమాట నేను పుస్తకములో నేర్చుకొనలేదు నాయనా. అప్పటికి నాకు చదువు రాదు. మాయమ్మ నోట విని నేర్చితిని.” అని, కండ్లజోడు తుడుచుకొని, బాలుడు మూసివైచిన పుస్తకమును తెరచి అతని యొడిలో పెట్టి, మత్తయి సువార్త ఆరవ అధ్యాయము తీయుమనెను.