కోరఁదగిన కవిజీవితము: కామినేని మల్లారెడ్డి

పూర్వకవులలో నెవ్వని కవితాజీవితము తనకు లభించిన బాగుండు నని తలపోయుట సాహిత్యాభిలాషులకుఁ జిరకాలముగా నున్న యలవాటు. పద్యము కట్ట నేర్చిన బాలుఁడు మొదలుకొని గ్రంథకర్తయై పేరొందిన వృద్ధుని వఱకు నెవ్వరినిఁ గాని యీ తలంపు విడువదు. ఒకఁడు శ్రీనాథుని వైభవమును గోరును; ఒకఁడు పోతన నిస్పృహత్వమును గోరును. ఇది యుబుసుపోకకుఁ జెప్పుకొను మాట యని త్రోసివేయరాదు. ఎవ్వఁ డే జీవితమును గోరునో దాని కనుగుణముగనే వాని గ్రంథము రూపొందును. సభాసత్కారమే యాదర్శమైనవాఁడు సభ మెచ్చునంతవఱకే వ్రాయును. ధనార్జనమే యాదర్శమైనవాఁడు వెల పలుకునంతవఱకే వ్రాయును. కావున నీ యెన్నికకు రుచిమాత్రము చాలదు. ప్రమాణ మొకటి వలయును.

మమ్మటాచార్యుఁడు కావ్యమునకుఁ గీర్తి, ధనము, లోకవ్యవహారజ్ఞానము, అమంగళనివృత్తి, తత్క్షణానందము, కాంతాసమ్మితమైన యుపదేశము అని యాఱు ప్రయోజనములు చెప్పెను. ఇవి కావ్యమునకుఁ బ్రయోజనములే కాని కవిజీవితమును గొలుచు మానములు కావు. కీర్తిధనములు పరహస్తగతములు, ఒకే కావ్యమునకు నొక యూర సత్కారమును వేఱొక యూరఁ దిరస్కారమును గలుగవచ్చును. జీవితమును గొలుచుటకు వ్యాకరణశాస్త్రము చూపు మార్గము సూటియైనది. క్రియయందు స్వతంత్రుఁ డైనవాఁడే కర్త యని పాణిని కారకప్రకరణమున నిర్వచించి, వెంటనే యా కర్తను బ్రేరేపించువానికి హేతు వను సంజ్ఞను గూడఁ జేసెను. మఱియొక తావునఁ గొన్ని ధాతువుల విషయమున, క్రియాఫలము కర్తకే చెందునపు డాత్మనేపదమును, పరులకుఁ జెందునపుడు పరస్మైపదమును వ్యవస్థ చేసెను. తనకొఱకు యాగము చేయు యజమానునియెడ ‘యజతే’ యనియు, యజమానునికొఱకుఁ జేయు ఋత్విక్కునెడ ‘యజతి’ యనియు నగుట యిందులకు లక్ష్యము. ఈ రెండు విధులనుండి కవిజీవితపరీక్షకు రెండు ప్రశ్నలు లభించుచున్నవి. కవి తన క్రియయందు స్వతంత్రుఁడా, పరప్రేరితుఁడా? ఆ క్రియాఫలము తనతో ముగిసినదా, పరులకుఁ జేరినదా?

ముందుగా శ్రీనాథుని నీ ప్రశ్నల యెదుట నిలిపి చూడవలెను. ఆతఁడు కొండవీటఁ బెదకోమటి వేమారెడ్డి కడ విద్యాధికారి. విజయనగరమునఁ బ్రౌఢదేవరాయల కాలమున డిండిమభట్టు నోడించి కనకాభిషేకము పొందినవాఁడని ప్రతీతి. నైషధము మామిడి సింగనామాత్యునకు, భీమఖండము బెండపూడి యన్నయమంత్రికి, కాశీఖండము వీరభద్రారెడ్డికి నంకితములు. ప్రేరితుఁడైన కర్తకును స్వవ్యాపారమున స్వాతంత్ర్యము గలదని శాబ్దికు లంగీకరింతురు. లేనియెడల వానిని గర్త యనుటయే పొసఁగదు. కావున నాశ్రితుఁ డైనంతమాత్రమున శ్రీనాథుని కవిత్వము దాస్యమని చెప్పుట తగదు. కాని యా ప్రేరకుఁడు తొలఁగినపుడు కవితో నిలుచున దేమి? రెడ్డిరాజ్యములు కూలిన పిమ్మట నాతఁడు పడిన యిడుములను జాటుపద్యములు చెప్పుచున్నవి. అవి యన్నియు నాతని రచనలే యైనను గాకున్నను, ఆశ్రితకవి వార్ధకమును గూర్చి లోకమునకుఁ గల భయమునకు సాక్ష్యములు. వైభవమును గోరువాఁ డీ వార్ధకమును గూడఁ గోరవలసియుండును.

పోతన హలజీవి యను కథను నమ్మినవా రాతనియందు సంపూర్ణస్వాతంత్ర్యమును జూతురు. ఫలమును బరులకే చేరినది. నిరక్షరాస్యుల నోటఁ గూడ నిలిచిన పద్యము లాతనివి. అయినను నాంధ్రభాగవతము గంగన, సింగన, నారయల పూరణములతోఁ గూడియే నేఁడు సమగ్రమైయున్నది. అంతకు మించిన చిక్కు వేఱొకటి. ఆతని స్వాతంత్ర్యమునకు మూలమైన భక్తి కోరినంతనే వచ్చునది కాదు. పూజింపఁదగిన జీవితము వేఱు, కోరఁదగిన జీవితము వేఱు. కోరఁదగినది ప్రయత్నమునకుఁ గొంతయైన లోఁబడునదిగా నుండవలెను.

అట్టి జీవితమునకు లక్ష్యము కామారెడ్డి ప్రాంతముననే కలదు. కామారెడ్డినుండి హైదరాబాదునకుఁ బోవు మార్గమున నున్న భిక్కనూరే పూర్వగ్రంథముల బిక్కనవోలు. 16వ శతాబ్దమున నట నేలిన కామినేనివారిలో మల్లారెడ్డి కవి. షట్చక్రవర్తిచరిత్రము, శివధర్మోత్తరము, పద్మపురాణము ఆతని పేర వినఁబడు కృతులు. ఆ వంశమువారే దోమకొండ సంస్థానమునకుఁ బ్రభువులు.

ఆ కాలమునఁ గవి కాశ్రయము దొరకుట కష్టము గాదు. గోలకొండను 1550 మొదలు 1580 వఱకు నేలిన యిబ్రహీం కుతుబ్ షా తెలుఁగుకవులకు మల్కిభరాముఁడై చెల్లెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నాతనికే యంకిత మిచ్చెను. పొన్నిగంటి తెలగన యచ్చతెనుఁగున యయాతిచరిత్రమును రచించి యమీనుఖానునకుఁ గృతి యొసఁగెను. ఇట్లు కవులు ప్రభువులను జేరుచున్న కాలమున మల్లారెడ్డి తానే ప్రభువు. ఆతనిని గావ్యమునకుఁ బురికొల్పుటకు మఱియొక మనుష్యుని యాజ్ఞ గాని, దానికి వెల కట్టుటకు మఱియొకని కోశము గాని యక్కఱలేదు. పూర్వము మడికి సింగన పద్మపురాణోత్తరఖండమును దెనిఁగించినపుడు రామగిరి మంత్రి కందనామాత్యుఁడు కృతిపతి. ఆ పురాణమునకే మల్లారెడ్డి పూనుకొనుట స్వేచ్ఛాప్రవృత్తి. శివధర్మోత్తరము శైవగ్రంథము, పద్మపురాణమును వైష్ణవపురాణములలో లెక్కించుట వాడుక. రెంటిని నొక చేతనే యెత్తికొనుటకు నాతని నడ్డగించువారు లేరు.

వస్తువు నెన్నుకొనుటయందే కర్త స్వాతంత్ర్యము తెలియును. హరిశ్చంద్రుఁడు, నలుఁడు, పురుకుత్సుఁడు, పురూరవుఁడు, సగరుఁడు, కార్తవీర్యుఁడు అనువారు షట్చక్రవర్తులు. వీరిలో నలుని కథను శ్రీనాథుఁడును, హరిశ్చంద్రుని కథను గౌరనయు నంతకుముందే తెనుఁగున నిలిపియుండిరి. వారి వెనుక నా కథలనే చేపట్టుట సాహసము. అంతకన్న గమనింపఁదగిన విశేష మింకొకటి. ఈ చక్రవర్తుల పురాణగాథ లన్నియు జయగాథలు గావు. హరిశ్చంద్రుఁడు సత్యముకొఱకు రాజ్యమును విడిచెను. నలుఁడు జూదమునఁ గోల్పోయెను. కార్తవీర్యుఁడు జమదగ్ని ధేనువు నపహరించి పరశురామునిచేఁ గూలెను. ప్రభువు తానే కవియై ప్రభువుల యున్నతిపతనములను గథగాఁ జేకొనుట సామాన్యము గాదు. ఆశ్రితకవి యీ కథలనే చెప్పిన నవి పరుని కుపదేశ మగును. ఏలిక తానే చెప్పిన నవి తనకు హెచ్చరిక యగును. స్వాతంత్ర్య మనఁగా దోఁచినదెల్ల వ్రాయుట గాదు, తనకుఁ బ్రతికూలమైనదానిని గూడ వ్రాయఁగలుగుట యని యీ వస్తువరణము తెలుపుచున్నది.

ఇందుపై రెండాక్షేపములు కలుగవచ్చును. మొదటిది: ప్రభుత్వము పుట్టుకచేత వచ్చినది, దానిని బడిపంతు లెట్లు కోరఁగలఁడు? మల్లారెడ్డియందుఁ గోరఁదగినది కోట గాదు. అన్నమునకుఁ గావ్యముమీఁద నాధారపడకుండుట. సంస్థానప్రభువునకుఁ బొలముల శిస్తు నిచ్చిన నిశ్చింతను బాఠశాలాపండితునకు నెలజీత మించుక యిచ్చుచున్నది. నెల మొదట జీతము చేతఁబడినవాఁడు పద్యమును వెలకుఁ బెట్టనక్కఱలేదు. పద్యమున నెవ్వని నాకాశమున కెత్తనక్కఱలేదు. ఈ స్వాతంత్ర్యము చేత నుండియు శ్రీనాథుని సత్కారములకై వగచుట, ఉన్న మాన్యమును బీడుపెట్టి యాచింపఁబోవుట వంటిది.

రెండవ యాక్షేపము బలవత్తరము. ప్రభుకవికిఁ దప్పు చెప్పువాఁ డెవ్వఁడు? ఆశ్రితకవి సభలోఁ బ్రతిస్పర్ధులు పొంచియుందురు; ప్రతి యతియుఁ బ్రతి సంధియు శోధింపఁబడును. ఏలిక పద్యము చదివినపుడు సభ తల యూఁచును. విమర్శ లేని స్వాతంత్ర్యము ప్రమాదహేతు వనుట నిజమే. అయిన నీ లోపము పూరింపరానిది గాదు. అంకుశము పోషకుని చేత నుండుట వేఱు, సహృదయుని చేత నుండుట వేఱు. పోషకునివద్ద స్వతంత్రుఁడై విమర్శకునివద్ద విధేయుఁడైన కవి యుభయలాభమును బొందును. నేఁటి పండితునకుఁ బరిషత్తులును బత్త్రికలును నిందుకొఱకే యున్నవి.

ఇంక రెండవ ప్రశ్న, ఫలము. ఇక్కడ మల్లారెడ్డి జీవిత మసమగ్రముగాఁ దోఁచును. నది పెక్కు సీమలను దడుపును. చెఱువు తన యాయకట్టును మాత్రమే తడుపును. శ్రీనాథుని కవిత్వము నదివలెఁ గొండవీటినుండి రాజమహేంద్రవరమువఱకును, విజయనగరమువఱకును బాఱినది. మల్లారెడ్డి కవిత్వము చెఱువునీరు. కాని చెఱువులసీమలో బ్రదుకువాఁడు చెఱువును దక్కువగాఁ జూడఁడు. కట్ట తెగినప్పుడు నదిని దిట్టఁడు, తట్ట పట్టి మన్ను వేయును. ఫలము పరులకుఁ జేరకుండుట కవి దోషమే యనరాదు. చేర్పవలసినవారి దోషము గూడఁ గలదు.

ఈ విషయమున శివధర్మోత్తరమును స్మరింపక తీరదు. ఆ పేరి సంస్కృతగ్రంథమున రెండవ యధ్యాయము విద్యాదానపరము. గ్రంథమును శుద్ధముగాఁ బ్రతి వ్రాయించి, యుత్సవముతో శివాలయమునకుఁ గొనిపోయి సమర్పించి, జనులకుఁ జదివి వినిపింపవలెనని యందు విధింపఁబడినది. గ్రంథము వ్రాసినంతనే పని ముగియదనియు, ప్రతి చేసి చదివి వినిపించువాఁడును బుణ్యభాగి యనియు దాని యాశయము. అట్టి గ్రంథము నాంధ్రీకరణమునకుఁ జేకొన్న ప్రభువు తన ప్రాంతమునఁ జదువరులు లేక మఱవఁబడుట శోచనీయము.

కామారెడ్డి, ఎల్లారెడ్డి యను రెండూళ్లకును మనుష్యుల పేళ్లే పేళ్లు. కామారెడ్డి పేరు దోమకొండ ప్రభువంశమునందలి యొక కామిరెడ్డినిబట్టి వచ్చినదని జనుల వాడుక. 2016లో నిజామాబాదు జిల్లానుండి వేఱుపడి క్రొత్తజిల్లా యేర్పడినపుడు కామారెడ్డి పేరే దానికి నిలిచినది. ఎల్లారెడ్డి యందొక రెవిన్యూ విభాగము. దోమకొండ కోట జీర్ణోద్ధరణమునకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. ఊరి పేరు దినదినము పలుకఁబడుచున్నది. కోటగోడలు మరల లేచినవి. ఆ వంశమువాఁడే కట్టిన కావ్యమునకు మాత్ర మట్టి యుద్ధరణము వలసియున్నది. ఱాతిగోడకు సున్నము కావలెను. కావ్యమునకుఁ జదువు కావలెను.

తెలంగాణమునఁ గవులు లేరను మాటకుఁ బ్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డి 1934లో గోలకొండకవులసంచికను వెలయించి, 354 మంది కవులను లోకమునకుఁ జూపెను. అది పరస్మైపదమైన పని. అందలి కీర్తి సంకలనకర్తకన్న ముందుగాఁ గవులకుఁ జేరినది. కవిజీవితమును గోరువా రీ భాగమును మఱవరాదు. మల్లారెడ్డియందుఁ గర్తృస్వాతంత్ర్యమును, ప్రతాపరెడ్డియందు ఫలత్యాగమును గలిసినచోఁ గోరఁదగిన జీవితము పూర్ణ మగును. మొదటిదానికి జీత మాధారము, రెండవదానికి శ్రమ యాధారము. రెండును బాఠశాలాపండితునకు దుర్లభములు గావు.

కావున భిక్కనూరు, దోమకొండ, కామారెడ్డి, ఎల్లారెడ్డి పాఠశాలలయందలి పండితులు షట్చక్రవర్తిచరిత్రమునుండి యొక్క నలకథ నైనను శ్రీనాథుని నైషధముతోడను, ఒక్క హరిశ్చంద్రకథ నైనను గౌరన ద్విపదతోడను బోల్చి బాలురకుఁ జదివి వినిపించుట కర్తవ్యము. గుణము లున్నచోఁ జూపవలెను. దోషము లున్నచో దాఁపరాదు. అప్పుడు బాలురకుఁ దమ యూరి సమీపముననే యొక కవి యేవిధముగా జీవించెనో తెలియును. ఎవ్వని జీవితమును గోరవలయు నను ప్రశ్నకు వారు దూరమునకుఁ బోక సమాధానము వెదకుకొందురు. ఆ చదువుచేత నాలుగువందల యేండ్లనాఁటి కర్తకు ఫలమును జేరును. విజ్ఞులు విచారింతురు గాక.