మిషను కొన్నాక మొదలయ్యే పని

కళ్లజోడు పెట్టుకోగానే అక్షరం కనపడినట్టు, చెవి మిషను పెట్టుకోగానే మాట వినపడుతుందనుకుంటాం. కాదు. వయసుతో లోపలి చెవిలో చచ్చిన కణాలు మళ్లీ మొలవవు. ఏళ్ల తరబడి సన్నని శబ్దాలు అందక మెదడుకూ అలవాటు తప్పుతుంది.

తాటిపాకలో మా దొడ్డమ్మకు మిషను పెట్టిన కొత్తలో ఫ్యాను రొద, గిన్నెల చప్పుడు, పక్క పెరట్లో కొబ్బరికాయలు ఒలిచే చప్పుడు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. మనవడి మాట ఒక్కటే అందలేదు. "ఇది నాకొద్దు నాయనా, బుర్ర తినేస్తంది" అంది. అమ్మినాయన మళ్లీ కనపడలేదు. తర్వాత వేరే ఆడియాలజిస్టు శబ్దం సరిచేసి, పద్ధతి చెప్పారు. మొదట ఫ్యాను ఆపిన గదిలో, ఒక్క మనిషితో కాసేపు. నేను పేపరు చదువుతుంటే ఆవిడ అదే వార్త మీద వేలు పెట్టి చూస్తూ వినేది. పెదాలు చూడమన్నారు గానీ పాట, బాట, మాట మూడూ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి, సందర్భమే దిక్కు. అందుకే "ఆఁ? ఏంటీ?" అనడం మాని "రేపు ఎక్కడికన్నావు?" అని అడగడం నేర్పారు. మాకూ పాఠమే: అరవొద్దు, ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పండి. అరిస్తే అచ్చులు సాగుతాయే తప్ప స, త, క తేలవు. మన ఉక్కకు రాత్రిళ్లు మిషను సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. జింకు బ్యాటరీకి స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనివ్వాలి.

ఈ శిక్షణ కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో వినికిడి పోయిన సైనికులకు అమెరికా సైనిక ఆసుపత్రుల్లో రేమండ్ కార్‌హార్ట్ లాంటివాళ్లు మొదలుపెట్టారు. 2023లో వెలువడిన అచీవ్ అనే పరిశోధనలో 70 నుంచి 84 ఏళ్ల వాళ్లు 977 మంది. వాళ్లలో కొందరికి మిషనుతోపాటు ఆడియాలజిస్టు శిక్షణా ఇచ్చి, మిగతావాళ్లతో పోల్చి మూడేళ్లు చూశారు. అందరినీ కలిపి లెక్కిస్తే ఆలోచనాశక్తి తగ్గడంలో తేడా రాలేదు. మతిమరుపు ముప్పు ఎక్కువున్నవాళ్లలో మాత్రం ఆ తగ్గే వేగం 48 శాతం నెమ్మదించింది.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కలో రెండు చెవులకూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి వైకల్యం. 50 దగ్గర ఆగిన ముసలాళ్లు ఇంట్లో చెవిటివాళ్లు, కాగితం మీద కాదు. ఇది అన్యాయం.

మిషను కొనబోయేవాళ్లు ధర కంటే ముందు ఒక్క మాట అడగండి: కొన్నాక ఎన్నిసార్లు రమ్మంటారు, ఎవరు సరిచేస్తారు? జవాబు సరిగ్గా రాకపోతే ఆ కొట్టులో కొనకండి.