మొదలు కప్పు, తర్వాతే ఆయిల్

బొగ్గు బావిలోకి కొత్తగా దిగేవాడికి సింగరేణి ట్రైనింగ్ సెంటర్లో నూరిపోసే మాటలు చాలానే ఉంటాయి. వాటన్నిటికీ పెద్దన్న లాంటిది ఒకటుంది: సపోర్టు లేని కప్పు కింద కాలు పెట్టొద్దు. బొగ్గు పేల్చాక ఎంత తొందరున్నా ముందు కప్పు తట్టి చప్పుడు వినాలి. కర్ర దిమ్మెనో, కట్టెల చాకో, రూఫ్‌బోల్టో పడాలి. ఆ తర్వాతే మనిషి. ఈ నియమం భూమి మీద ఎంతవరకు పనికొస్తుందో చూడాలంటే గోదావరిఖనిలో ఒక రిటైర్డ్ ఫిట్టర్ తన కొడుకు కారుకు ఆయిల్ మార్చేటప్పుడు చూడాలి.

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. బదిలీ ఫిల్లర్‌గా చేరి తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తరం. కొన్నాళ్లు బావిలో టింబర్ పని, తర్వాత ఫిట్టర్, చివరికి ఓపెన్‌కాస్ట్ వర్క్‌షాపులో డంపర్ల దగ్గర. అరవై ఒకటి నిండి దిగిపోయారు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. సెకండ్ హ్యాండ్‌లో 2006లో మన దేశానికి వచ్చిన తరం హోండా సివిక్ కొన్నాడు. దాన్ని స్పోర్ట్స్ కారని కంపెనీ అనలేదు గాని, కొన్నవాళ్లు మనసులో అలాగే అనుకున్నారు. నేలను అంటిపెట్టుకున్న ఒడ్డూ పొడుగూ, వాలుగా సాగిన అద్దం, కూర్చుంటే రోడ్డు మీదే కూర్చున్నట్టుండే సీటు. నలుగురు ఎక్కితే స్పీడ్ బ్రేకర్ దగ్గర అందరూ ఊపిరి బిగబట్టాల్సిందే.

కిందికి వంగిన బండికి ఆయిల్ మార్చడం ఎందుకు కష్టమో చెప్పాలంటే ఇంజను అడుగు సంగతి కొంచెం తెలియాలి. మామూలు కార్లలో ఆయిలంతా క్రాంక్‌షాఫ్ట్ కింద వేలాడే సంప్ అనే పళ్లెంలో ఉంటుంది. కారును ఎంత కిందికి దించాలన్నా ముందు అడ్డొచ్చేది ఆ పళ్లెమే. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపుకు అందకపోవడం ఇంకో తలనొప్పి. అందుకే పోర్షా వాళ్లు 911లో ఆయిల్‌ను వేరే ట్యాంకులోకి తరలించారు. గాలితో చల్లబడే ఆ పాత 911లకు ఆయిల్ దింపాలంటే ఇంజను దగ్గర ఒక బోల్టు, ట్యాంకు దగ్గర ఒకటి విప్పాలి. ఒక్కటే విప్పి ఊరుకున్నవాడు పాత ఆయిల్ మీదే కొత్తది పోసినట్టు. మాజ్దా వాళ్ల చిన్న రెండు సీట్ల ఎంఎక్స్-5లో ఫిల్టర్ మరీ ఇరుకులో దాక్కుంటుంది. చూపు అందదు, వేళ్లతో తడిమి తిప్పాలి. వాటితో పోలిస్తే సివిక్ మర్యాదస్తురాలే. బోల్టూ ఫిల్టరూ కిందినుంచే అందుతాయి. కాకపోతే కిందికి మనం దూరాలి కదా.

అసలు పనితనం అక్కడే మొదలవుతుంది. మామూలు ట్రాలీ జాకీ ఆ బంపర్ కింద దూరదు. ఆయన దగ్గర ఒకే మందంగా కోసిన రెండు సాలు చెక్కలున్నాయి, ఒక కొసను ఏటవాలుగా చెక్కినవి. ముందు టైర్లను వాటి మీదికి నెమ్మదిగా ఎక్కిస్తే జాకీకి సందు దొరుకుతుంది. హ్యాండ్‌బ్రేక్, గేరు, వెనక టైర్లకు అటూ ఇటూ చెక్కముక్కలు. జాకీ పెట్టేది మాన్యువల్‌లో చూపిన చోటే. లేపాక స్టాండ్లు పెట్టేది బాడీ అంచున కంపెనీ గట్టి చేసిన గుర్తుల దగ్గర. ఇంతవరకు జాగ్రత్త తెలిసిన మెకానిక్ ఎవరైనా చేస్తాడు.

ఆయన ఇంకా ఆగరు. పాత కట్టె స్లీపర్ ముక్కలు తెచ్చి, రెండు అడ్డం, రెండు నిలువు, మళ్లీ రెండు అడ్డం పేరుస్తూ కారు అడుగు దాకా ఒక చాక్ కడతారు. బావిలో కప్పు కింద కట్టేది ఇలాగే. ముక్క ముక్కకూ అరచేతితో ఊపి చూస్తారు. కదిలిన చోట పలచటి చీలిక దూర్చి సుత్తితో రెండు దెబ్బలు. చివర కారు పక్కకు వచ్చి భుజం ఆనించి గట్టిగా నెడతారు. కారు కదలదు. అప్పుడు స్టాండ్లను రెంచీతో తట్టి చప్పుడు వింటారు. బరువు పడిన ఇనుము ఒకలా మోగుతుంది, పడనిది ఇంకోలా. నాకు రెండూ ఒకటిగానే వినిపించాయి. ఆయనకు కాదు.

“జాకీ లేపుతది, గంతే. మోసుడు దాని పని గాదు,” అన్నారు. జాకీలో ఉన్నది నూనె, దాన్ని ఆపేది ఒక రబ్బరు సీలు. ఆ సీలును నమ్మి ఛాతీని కింద పెట్టేవాళ్లు మన ఊళ్లలో ఎందరో.

ఇదంతా మూడున్నర లీటర్ల పైచిలుకు ఆయిల్ కోసం అతి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అయితే ఆయన పని చేసిన చోటు గుర్తుంచుకోవాలి. ఓపెన్‌కాస్ట్‌లో వంద టన్నుల డంపర్‌కు ఆయిల్ మార్చాలంటే వంద లీటర్లకు పైనే దిగుతుంది, కింద మనిషి కూర్చుని పని చేసుకోవచ్చు. అంత పెద్ద బండి దగ్గర కూడా బాడీ పైకి లేపి పని చేయాలంటే దానికి లాక్ పడాలి. హైడ్రాలిక్స్ మీద వదిలి కిందికి దూరినవాణ్ని సూపర్‌వైజర్ తిట్టి బయటికి లాగుతాడు. బండి సైజు మారింది, నియమం మారలేదు.

మళ్లీ సివిక్ దగ్గరికి వస్తే, ఇంజను ఐదు నిమిషాలు నడిపి ఆపుతారు. గోరువెచ్చని ఆయిల్ పలచబడి, అడుగున పేరుకున్న మడ్డిని వెంట తీసుకుని దిగుతుంది. మరీ వేడెక్కితే చేయి కాలుతుంది, పక్కనే సైలెన్సర్ పైపు. రామగుండం ఎండాకాలంలో నలభై ఐదు దాటే రోజుల్లో ఐదు నిమిషాలు కూడా ఎక్కువేనంటారు. అందుకే ఈ పని పొద్దున, ఫస్ట్ షిఫ్టు వాళ్లు మస్టర్‌కు వెళ్లే వేళకే మొదలవుతుంది.

పైన ఆయిల్ పోసే మూత ముందు తీయడం ఆయన పద్ధతి. గేర్‌బాక్స్‌కైతే ఇది మరీ ముఖ్యం. నింపే బోల్టు రాకముందే కిందిది విప్పితే, పైది తుప్పు పట్టి మొండికేస్తే, ఖాళీ గేర్‌బాక్స్‌తో బండి ఎటూ కాకుండా నిలబడుతుంది. హోండాలలో ఇంకో చిక్కుంది. ఇంజను బోల్టుకు పదిహేడు నంబర్ స్పానర్ పట్టే తల ఉంటుంది, గేర్‌బాక్స్ బోల్టుకు మధ్యలో చదరపు గుంట. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లు హడావిడిలో గుంటది విప్పి, ఎర్రగానో పసుపుగానో శుభ్రమైన ఆయిల్ కారుతుంటే తెల్లమొహం వేస్తారు. ఆయన స్పానర్ పెట్టేముందు బోల్టు తలను గుడ్డతో తుడిచి, టార్చి వేసి, వేలితో తడుముతారు.

విప్పడం చూడాల్సిందే. స్పానర్‌తో ఒక్క కదలిక, తర్వాతంతా వేళ్లు. బోల్టు వదులయ్యేకొద్దీ దాన్ని లోపలికే ఒత్తుతూ తిప్పుతారు. చివరి మరను వేలు పసిగట్టగానే ఒక్క లాగు. చెయ్యి ధారకు అందకుండా పక్కకు తప్పుకుంటుంది. ధార మొదట దూరంగా వంగి పడి, ఒత్తిడి తగ్గేకొద్దీ దగ్గరికి జరుగుతుంది. అందుకని ట్రేను ముందే దూరంగా పెట్టి, రెండో చేత్తో ధార వెంట దగ్గరికి లాక్కుంటారు. నేల మీద ఒక్క చుక్క లేదు. కింద పరిచిన పాత పేపర్ మళ్లీ మడిచి దాచుకున్నారు.

ఆయిల్ కారుతున్నంత సేపూ ఖాళీగా ఉండరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుక్క రుద్దుతారు, ఎండకు పెట్టి చూస్తారు, వాసన చూస్తారు. నల్లగా ఉందని కంగారుపడేవాళ్లను చూసి నవ్వుతారు. మసిని పట్టుకుని తిరగడం ఆయిల్ చేయాల్సిన పనే, నలుపు దాని తప్పు కాదు (నలుపును తప్పుపట్టే ఊరు కూడా కాదు మాది). ఆయన వెతికేది వెండిపొడి లాంటి మెరుపు కోసం, పాలు కలిసినట్టుండే తెలుపు కోసం. మొదటిది లోహం అరిగిందని, రెండోది కూలెంట్ కలిసిందని. డంపర్ల ఆయిల్‌ను శాంపిల్ తీసి పరీక్షకు పంపినప్పుడు చూసేదీ దాదాపు ఇదే, అక్కడ యంత్రం లెక్క చెబుతుంది. ఇనుము పెరిగితే అరుగుదల. సిలికాన్ పెరిగితే దుమ్ము. మా దగ్గర బొగ్గు మీద కప్పిన మట్టిలో ఇసుకరాయే ఎక్కువ. తవ్విన ఆ రాయి ధూళి ఎయిర్ ఫిల్టర్ సందుల్లోంచి పోతే పిస్టన్ రింగులను ఆకురాయిలా గీరుతుంది. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆయన ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా తెరుస్తారు, సర్వీస్ పుస్తకం చెప్పినా చెప్పకపోయినా.

బోల్టు మళ్లీ బిగించడంలోనే ఇంజను ఆయుష్షు ఉంది. సంప్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. పోట్లాట వస్తే ఓడేది మెత్తనిదే. పాత వాషర్ తీసేసి కొత్తది వేస్తారు. అది నలగడానికే చేసిన వాషర్, ఒకసారి నలిగాక మళ్లీ పనికిరాదు. బోల్టును రంధ్రంలో పెట్టి ముందు వెనక్కి తిప్పుతారు. మర అంచు మీంచి జారి చిన్నగా టక్కుమంటుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే దారి తప్పదు. చివరి దాకా వేళ్లే. హోండా చెప్పిన బిగువు 39 న్యూటన్ మీటర్లు, అంటే నలభై సెంటీమీటర్ల పిడి కొసన పది కిలోల బలం. డంపర్ చక్రాల నట్లు బిగించిన ఆ భుజం ఇక్కడ అంతటితో ఆగడం చూస్తే ముచ్చటేసింది. బలమున్నవాడు బిగించగలడు, ఎక్కడ ఆపాలో తెలిసినవాడు ఫిట్టర్.

ఫిల్టర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పాతది తీయగానే దాని రబ్బరు రింగు దానితో వచ్చిందా, ఇంజనుకే అంటుకుందా అని చూడాలి. అంటుకున్నదాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్ముతుంది, ఇంజను పట్టేసే దాకా పోతుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, ఆనిన తర్వాత చేత్తోనే ముప్పావు చుట్టు. ఫిల్టర్‌తో కలిపి 3.7 లీటర్లు పట్టాలి. ఆయన కొంచెం తక్కువే పోసి, ఇంజను నిమిషం నడిపి ఆపి, కారును నేల మీదికి దించి, కాసేపయ్యాక డిప్‌స్టిక్ చూసి మిగతాది పోస్తారు. తర్వాత మళ్లీ ఒకసారి టార్చితో బోల్టు, ఫిల్టర్ అంచు తడి చూస్తారు. నోటుబుక్‌లో తేదీ, కిలోమీటర్లు.

షోరూంలో ఇదే పని లిఫ్ట్ మీద చిటికెలో అయిపోతుంది. నాణ్యత తక్కువని నేననను. కానీ వేలితో ఆయిల్ రుద్ది చూసే తీరిక అక్కడ ఎవరికుంటుంది?

పాత ఆయిల్‌ను మా వైపు చెదలకని తలుపు చట్రాలకు పూస్తారు, మిగిలింది మోరీలో పోస్తారు. 2016 నాటి వ్యర్థాల నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, మోరీ చివర ఉన్నది గోదావరి. ఆయన ఖాళీ డబ్బాలో నింపి, తెలిసిన గ్యారేజీ వాళ్ల డ్రమ్ములో పోసి వస్తారు. మీరూ అలాగే చేయండి. సొంతంగా ఈ పని మొదలుపెట్టాలనుకుంటే ఆయిల్ డబ్బా కంటే ముందు ఒక జత మంచి స్టాండ్లు కొనండి. రామగుండం చుట్టుపక్కల బూడిద ఇటుకలకు కొదవ లేదు. వాటితో ఇల్లు కట్టుకోండి, కారు మాత్రం నిలబెట్టకండి. ఇటుక పగిలేముందు చెప్పి పగలదు.